సూపర్‌మార్కెట్ వాళ్ళని సరుకులు ఎలా అడగాలి

(విజయవాడలో చిన్న స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలకు జరిగిన శిక్షణలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారమండి. భోజనాలయ్యాక నాకు టైమిచ్చారు, అదీ పులిహోర, పెరుగన్నం పెట్టాక. కునుకు తీసేవాళ్ళని ఏమీ అనను. ముందు ఒక ఉత్తరం చదువుతాను, వినండి.

"గౌరవనీయులైన మేనేజరు గారికి నమస్కరించి వ్రాయునది. మా సంస్థ ఎన్నో ఏళ్ళుగా అనాథ బాలబాలికలకు, నిరాశ్రయులైన వృద్ధులకు నిస్వార్థ సేవలందించుచున్నది. దయార్ద్ర హృదయులైన తమరు శక్తికొలది నిత్యావసర సరుకులు విరాళముగా ఇచ్చి ఆదుకొనవలసినదిగా ప్రార్థన." కింద రబ్బరు స్టాంపు, సంతకం.

నవ్వుతున్నారంటే మీలో చాలామంది ఫైల్లో ఇదే ఉత్తరం ఉందన్నమాట. నేను ఈ సేవా సంస్థల వైపు రాకముందు ఒక సూపర్‌మార్కెట్ కంపెనీలో కొనుగోళ్ళు చూసేవాణ్ణి. ఇలాంటి ఉత్తరాలు నా టేబుల్ మీదికి వస్తూనే ఉండేవి. మర్యాదకి లోటు లేదు. కానీ చదివినవాడు ఏం చెయ్యాలో అందులో ఎక్కడా ఉండదు. ఏ సరుకు? ఎంత? ఎప్పుడు కావాలి? ఎవరొచ్చి పట్టుకెళ్తారు? శక్తికొలది అంటే వందా, లక్షా?

ఇంకో సంగతి. స్టోర్ మేనేజరు అంటే మనకి ఆ కొట్టుకి యజమాని లాగా కనిపిస్తాడు. లోపల లక్షల సరుకుంటుంది గానీ, ఒక్క కందిపప్పు ప్యాకెట్‌ని ఊరికే బయటికి పంపే అధికారం ఆయనకి మామూలుగా ఉండదు. ప్రతి ప్యాకెట్‌కీ కంప్యూటర్లో లెక్క ఉంటుంది. బిల్లు లేకుండా గుమ్మం దాటితే అది షార్టేజీ. నెలాఖరు స్టాకు లెక్కలో తేడా వస్తే సంజాయిషీ ఆయనే చెప్పుకోవాలి. అందుకే నవ్వుతూ "పైవాళ్ళతో మాట్లాడి చెప్తానండి" అంటాడు. మనం బయటికొచ్చి "మనసు లేని మనిషి" అనుకుంటాం. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా, పెట్టాలనున్నా పెట్టలేని వాణ్ణి అడగడం మన అలవాటైపోయింది.

నేనివాళ చెప్పేది ఇంతే: అమ్ముడుపోని సరుకు ఆ కొట్టు లెక్కలోంచి ఏ దారిన బయటికి పోతుందో తెలుసుకోండి. అది తెలిస్తే ఏం అడగాలో, ఎవర్ని అడగాలో తెలుస్తుంది.

ఒకసారి రాత్రి మూసే వేళకి సూపర్‌మార్కెట్ వెనక గదిలోకి వెళ్ళినట్టు ఊహించుకోండి. ఒక మూల ఇనప జాలీ గూడు. అందులో బిస్కెట్లు, నూడుల్స్, మూత వదులై కారిన షాంపూ సీసాలు, నలిగిన టూత్‌పేస్టు డబ్బాలు. అవన్నీ మనకి పనికొచ్చేవే. కానీ ఆ గూటి జోలికి పోవద్దు. పెద్ద కంపెనీల సరుకు చాలా వరకు వెనక్కిచ్చే ఒప్పందం మీద వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మనిషి వచ్చి లెక్కపెట్టుకుని తీసుకెళ్తాడు, కొట్టుకి క్రెడిట్ నోటు, అంటే ఆ సరుకు డబ్బు లెక్కలో తగ్గిస్తామనే కాగితం, ఇస్తాడు. ఆ ప్యాకెట్ మనకిస్తే కొట్టుకి ఆ డబ్బు పోయినట్టే. "ఎలాగూ పారేసే బిస్కెట్లేగా, ఇస్తే ఏం పోయింది" అని మనం అంటాం చూడండి, ఆ మాటతోనే మనకి ఏమీ తెలీదని వాళ్ళకి అర్థమైపోతుంది.

ఆ గూడు పక్కన ఇంకో అల్మారా ఉంటుంది. అందులో ఉండేది వెనక్కి పోని సరుకు. సూపర్‌మార్కెట్ వాళ్ళు తమ సొంత పేరుతో ప్యాక్ చేయించుకునే పప్పులు, రవ్వలు, చక్కెర, మసాలాలు. పూర్తిగా కొనేసుకున్న చిన్న బ్రాండ్లు. పండగ అయిపోయాక మిగిలిన గిఫ్ట్ ప్యాకులు. దీపావళి మర్నాడు డ్రై ఫ్రూట్స్ డబ్బా కొనేవాడెవడు? కుట్టు ఊడిన బియ్యం బస్తా. 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 2022 జూలై నుంచి జీఎస్టీ పెట్టాక మన దగ్గర 26 కిలోల బస్తాలొచ్చాయి, గమనించే ఉంటారు. ఆ బస్తాకి మూలన చిన్న చిరుగు పడితే చాలు, కొనేవాడు పక్క బస్తా తీసుకుంటాడు. బియ్యానికేమీ కాలేదు. 30 గుడ్ల అట్టలో రెండు పగిలితే మిగతా 28 గుడ్లనీ ఎవరూ ముట్టుకోరు. మనం అడగాల్సింది ఈ అల్మారాని.

కొనుగోళ్ళ విభాగంలో ఎవరైనా దొరికితే ఒకే ఒక్క ప్రశ్న వెయ్యండి: "సార్, మీ దగ్గర రిటర్న్ లేని సరుకు ఏది?" అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న మనిషి తలెత్తి మీ వంక చూస్తాడు. వ్యాపారం తెలిసిన మనిషి వచ్చాడని అర్థమవుతుంది.

ఇక కూరగాయలు, పండ్లు. సరుకు తెల్లవారుజామున వస్తుంది. రాత్రికి మెత్తబడ్డ టమాటాలు, మచ్చలు పడ్డ అరటిపళ్ళు, వాడిన కొత్తిమీర క్రేట్లలోకి వేరుచేస్తారు. రిటైల్ వాళ్ళు దాన్ని డంప్ అంటారు. కంప్యూటర్లో డంప్ కింద రాసేశాక దానికి విలువ సున్నా. అందులో సగం ఆ రాత్రికో, మర్నాడు పొద్దున్నకో వండుకుంటే శుభ్రంగా పనికొస్తుంది. మన హాస్టళ్ళలో పప్పు టమాటాకి టమాటా నున్నగా మెరవాలా ఏమిటి? హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో మిగిలిపోయిన కూరగాయలతో బయోగ్యాస్, కరెంటు తయారు చేస్తున్నారు. మంచి పనే. కాకపోతే తినగలిగింది కడుపులోకి పోయాక మిగిలింది అక్కడికి పోవాలి.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దుకాణాల వాటా 12 శాతం. ఇళ్ళది 60, హోటళ్ళు, క్యాటరింగుల్లాంటి వాటిది 28. మరి అంత తక్కువ వాటా ఉన్న దుకాణం వెంట ఎందుకు పడాలి అంటారేమో. పెళ్ళిలో మిగిలిన సాంబారుతో గంటల్లో పరిగెత్తాలి. దుకాణంలోది సీలు వేసి, తేదీ వేసి, లెక్క రాసి, ఒక్కచోట ఉంటుంది. రేపు కూడా ఉంటుంది. మనలాంటి చిన్న సంస్థకి కావాల్సింది ఆ "రేపు కూడా".

ఇప్పుడు టాక్సుల సంగతి. ఆవలింతలు రాకముందే చెప్పేస్తాను, కానీ ఇది రాసుకోండి. మన వాళ్ళు తరచుగా ఇచ్చే మాట ఒకటుంది: "మీరు సరుకులిస్తే మేం 80జీ రసీదు ఇస్తాం సార్." ఇవ్వకూడదండి. ఆ రసీదుతో వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే. బియ్యం బస్తాకి, సబ్బుల పెట్టెకి రాదు. నగదైనా 2,000 దాటితే రాదు, చెక్కో ఆన్‌లైనో కావాలి. సరుకుకి ఇవ్వాల్సింది అందినట్టు ఒక నోటు. అందులో సరుకు పేరు, ఎంత, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, తీసుకున్న రోజు ఉండాలి. రూపాయల విలువ మనం వెయ్యొద్దు. వాళ్ళ పుస్తకాల్లో దాని విలువ ఎంతో వాళ్ళ అకౌంటెంటు చూసుకుంటాడు.

రెండోది సీఎస్ఆర్. అయిదు కోట్ల నికరలాభమో, వెయ్యికోట్ల టర్నోవరో, 500 కోట్ల నెట్‌వర్తో ఉన్న కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టంలో ఉంది. ఆకలి, పోషకాహార లోపం మీద చేసే పని అందులోకి వస్తుంది. దాంతో మనవాళ్ళు "మీ సీఎస్ఆర్ కింద సరుకులివ్వండి" అని రాస్తారు. ఖర్చు అంటే ఖర్చే, వస్తువు ఇచ్చి దానికి విలువ కట్టి చూపించడం కుదరదని కంపెనీ వ్యవహారాల శాఖ 2021లో స్పష్టంగా చెప్పేసింది. కాబట్టి సీఎస్ఆర్ డబ్బుకి ఒక ఉత్తరం, దానికి మన సంస్థకి కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి, అది హెడ్డాఫీసుకి. మిగులు సరుకుకి ఇంకో ఉత్తరం, అది స్టోర్లు నడిపించే ఆపరేషన్స్ వాళ్ళకి. రెండూ ఒకే కాగితం మీద రాస్తే ఆ కాగితం ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కి తిరుగుతూనే ఉంటుంది.

మూడోది జీఎస్టీ. కొట్టు సరుకు కొన్నప్పుడు కట్టిన టాక్సుని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకుంటుంది, అంటే అమ్మినప్పుడు కట్టాల్సిన టాక్సులో తగ్గించుకుంటుంది. ఊరికే ఇచ్చేస్తే ఆ క్రెడిట్ వెనక్కి కట్టాలి. ఇదే అడ్డంకి అని చెప్పి పంపేస్తారు. అప్పుడు మీరు నెమ్మదిగా ఒక మాట అనొచ్చు: "పారేసినా కట్టాలి కదా సార్?" అవును, చట్టంలో అదే లైన్లో ఉంటుంది. పాడైనా, పారేసినా, ఉచితంగా ఇచ్చినా క్రెడిట్ వెనక్కి పోవాల్సిందే. ఇస్తే వాళ్ళకి అదనంగా పోయేదేమీ లేదు. అయినా అకౌంటెంటుతో వాదన ఎందుకు అనుకుంటే, టాక్సు లేని వాటితో మొదలుపెట్టండి. తాజా కూరగాయలు, పండ్లు, పాలు, బ్రెడ్డు, గుడ్లు, శానిటరీ ప్యాడ్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి దిగాయి గనక వాటి మీద కూడా ఈ నస తగ్గింది.

ఇక అసలు భయం. ఏ మేనేజరూ పైకి అనడు గానీ లోపల తిరిగే మాట ఒకటే: "రేపు ఆ పిల్లలకి వాంతులైతే పేపర్లో మా కొట్టు పేరొస్తుంది." ఈ భయం న్యాయమైందే. దాన్ని మాటలతో పోగొట్టలేం, కాగితంతో పోగొట్టాలి. మిగులు ఆహారం సేకరణ, పంపిణీ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, 2019లో నిబంధనలు తెచ్చింది. ఇచ్చే వ్యాపారికీ, తీసుకుని పంచే సంస్థకీ ఏ బాధ్యతలుంటాయో అందులో ఉంది. పంచే సంస్థకి కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషనో లైసెన్సో ఉండాలి. గడువు దాటినవి పంచకూడదు. అమ్మే సరుకుతో కలపకుండా వేరుగా పెట్టాలి. "నాట్ ఫర్ సేల్" అని ఉండాలి. ఎక్కణ్ణించి ఏమొచ్చిందో, ఎవరికి పోయిందో రిజిస్టరులో రాయాలి. రిజిస్ట్రేషన్ ఫోస్కోస్ అనే వాళ్ళ పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే అవుతుంది. ఆ సర్టిఫికెట్ జిరాక్సు మీ ఉత్తరం వెనక పిన్ను కొట్టి ఉంటే, మీరు మిగతా ఉత్తరాల కట్టలోంచి బయటపడ్డట్టే. సబ్బులకీ, డైపర్లకీ, ప్యాడ్లకీ ఇదేమీ అక్కర్లేదు. ఫుడ్ కాదు కాబట్టి.

ఫ్రాన్స్‌లో 2016 చట్టం ప్రకారం 400 చదరపు మీటర్లు దాటిన సూపర్‌మార్కెట్లు స్వచ్ఛంద సంస్థలతో ఒప్పందం చేసుకోవాలి. మన దగ్గర అలాంటి బలవంతం లేదు. అందుకే ఇవాళ మీరు ఈ హాల్లో కూర్చున్నారు.

క్విక్ కామర్స్ వాళ్ళ గురించి కూడా చెప్పాలి. నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లు. ఊళ్ళో వాళ్ళ గోడౌన్లు ఎక్కడున్నాయో డెలివరీ కుర్రాళ్ళని అడిగితే చెప్తారు. కస్టమరుకి అందే నాటికి సరుకుకి షెల్ఫ్ లైఫులో, అంటే నిల్వ ఉండే మొత్తం కాలంలో, కనీసం 30 శాతమో, ఎక్స్‌పైరీకి ఇంకా 45 రోజుల గడువో ఉండేలా చూడమని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 నవంబరులో ఆన్‌లైన్ కంపెనీలకి చెప్పింది. అంటే ఏమిటి? ఇంకా నెల రోజులు నిక్షేపంగా తినగలిగిన సరుకు వాళ్ళకి అమ్మకానికి ఇబ్బంది అవుతుంది. అరవైమంది పిల్లలున్న హాస్టల్లో నెల గడువున్న అటుకుల ప్యాకెట్లు నాలుగు రోజుల్లో ఖాళీ. నన్నడిగితే రాబోయే రోజుల్లో మనం ఎక్కువ తిరగాల్సింది ఈ గోడౌన్ల చుట్టూనే. కాకపోతే అక్కడి ఇన్‌చార్జి చేతిలో ఏమీ ఉండదు, కంపెనీ సిటీ ఆఫీసుకి వెళ్ళాల్సిందే.

కిరాణా కొట్ల సంగతి వేరు. అక్కడ యజమాని ఎదురుగా గల్లాపెట్టె దగ్గరే ఉంటాడు. ఈ కాగితాలూ కబుర్లూ ఆయనకి చిరాకు. "ఏం కావాలి నాయనా, ఎన్ని కిలోలు?" అంటాడు, అక్కడే తేలిపోతుంది. కానీ ఆయన దగ్గర మిగులు ఉండదు, ఇస్తే తన జేబులోంచే ఇస్తాడు. అందుకని ఆయన్ని ఏడాదికోసారి, ఉగాదికో శ్రీరామనవమికో అడగండి. మిగతా రోజుల్లో హోల్‌సేల్ రేటుకి ఇమ్మనండి. అదీ విరాళమే.

ఇంకో దారి ఉంది, నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. కొట్టుని సరుకు అడగొద్దు, చోటు అడగండి. బిల్లింగ్ కౌంటరు దగ్గర ఒక బుట్ట పెట్టుకోనివ్వమనండి. కస్టమర్లు తమ సరుకులతో పాటు ఒకటి అదనంగా కొని అందులో వేస్తారు. కొట్టుకి నష్టం లేదు, పైగా అమ్మకం పెరుగుతుంది. కస్టమరు కొన్న వస్తువు గనక క్రెడిట్ గొడవే లేదు. ఇలాంటిదానికి చాలాచోట్ల మేనేజరు స్థాయిలోనే ఒప్పుకుంటారు. జీతాలొచ్చే మొదటి వారంలో, శని ఆదివారాల సాయంత్రాలు పెట్టండి. జనం నెల సరుకులకి వచ్చేది అప్పుడే. బుట్ట పెట్టేసి వెళ్ళిపోతే ఏమీ పడదు, ఒక మనిషి నిలబడాలి. "మా పిల్లల కోసం ఏదైనా వెయ్యండి" అని బోర్డు రాయకండి, చాక్లెట్లు వేసి వెళ్తారు. "ఈ వారం మాకు కావాల్సినవి: బట్టల సబ్బు, కొబ్బరినూనె, దువ్వెనలు" అని రాయండి.

ఎందుకంటే మన ఊళ్ళల్లో అన్నదానానికి లోటు లేదు. పుట్టినరోజుకీ, పెళ్ళిరోజుకీ, ఆబ్దికానికీ భోజనం పెడతామని వచ్చేవాళ్ళు బోలెడుమంది. ఆదివారం ఒక్కరోజే రెండు బిర్యానీలు, ఒక స్వీటు వస్తాయి, పిల్లలకి అరగదు. మంగళవారం చూస్తే స్నానానికి సబ్బుండదు. ఎవరూ తమ పేరు మీద ఫినాయిల్ దానం చెయ్యరు కదండీ. అలాగని అన్నం పెట్టేవాళ్ళని తప్పుపట్టను. కానీ రిటైల్ వాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈ ఖాళీ ఎక్కడుందో చూసుకుని వెళ్ళాలి. మీ హాస్టల్లో మూడు నెలల వాడకం ఒక కాగితం మీద రాసుకోండి. నెలకి బట్టల సబ్బులెన్ని, నూనె ఎన్ని లీటర్లు, ప్యాడ్లు ఎన్ని ప్యాకెట్లు. ఆ కాగితమే మీ ఉత్తరానికి ప్రాణం.

ఇప్పుడు పాత ఉత్తరం మార్చి రాద్దాం. "మా హాస్టల్లో 60 మంది బాలికలున్నారు. ప్రతి సోమ, గురువారాల్లో రాత్రి 9.30కి మీ స్టోరు నుంచి డంప్ కింద రాసిన కూరగాయలు, పండ్లు తీసుకెళ్ళడానికి మా ఆటో వస్తుంది. పనికొచ్చేవి మేమే ఏరుకుంటాం, మిగతావి కూడా మేమే తీసుకెళ్ళి తడిచెత్తలో వేస్తాం. క్రేట్లు మావే. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కాపీ జతచేశాం. నెల రోజులు చూసి, ఇబ్బందనిపిస్తే ఆపేద్దాం." ఇది చదివిన మేనేజరు ఏరియా మేనేజరుకి ఫార్వర్డ్ చేస్తే చాలు, విడిగా ఏమీ వివరించక్కర్లేదు. తడిచెత్త మాట చిన్నదనుకోకండి. ఆ పని ఆ కొట్లో ఎవరో కుర్రాడు రోజూ తిట్టుకుంటూ చేస్తుంటాడు. మీ ఆటో వచ్చే రోజు వాడికి పండగ.

అన్నట్టు, 9.30 అంటే 9.30కే వెళ్ళాలి. సంస్థలతో ఒప్పందాలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. ఒక రోజు ఆటో దొరకలేదు, ఒక రోజు వార్డెన్ ఊరెళ్ళారు. వెనక గదిలో క్రేట్లు మర్నాటికి వాసన కొడతాయి. మూడోసారి వాళ్ళు ఫోనెత్తరు. రాలేమని తెలిస్తే మధ్యాహ్నమే ఒక మెసేజ్ పెట్టండి.

వద్దని చెప్పడం కూడా నేర్చుకోవాలి. రేపటితో గడువు తీరే రెండువందల ఫ్లేవర్డ్ మిల్క్ సీసాలు ఇస్తామంటారు. అరవైమంది పిల్లలున్న మనం ఏం చేసుకుంటాం? మొహమాటానికి తెచ్చుకుని, మిగిలింది చెత్తలో పోస్తే, వాళ్ళ చెత్త మనం మోసినట్టే. "అరవై చాలండి, మిగతావి పక్క వృద్ధాశ్రమానికి అడిగి చెప్తాను" అనండి. అలా అన్నవాళ్ళ మీద గౌరవం పెరుగుతుంది, నేను అవతలి వైపు కూర్చుని చూశాను.

బుడమేరు వరద గుర్తుందిగా, 2024 సెప్టెంబరు. సింగ్‌నగర్ నీళ్ళల్లో ఉన్న ఆ రోజుల్లో అడగక్కర్లేకుండానే పాలు, నీళ్ళ సీసాలు, బ్రెడ్డు వచ్చిపడ్డాయి. అప్పుడిచ్చిన కంపెనీల పేర్లు మీ దగ్గర ఉంటే బయటికి తీయండి. అప్పుడు మీతో ఫోన్లో మాట్లాడిన మనిషి ఇంకా ఆ ఊళ్ళోనే ఉండొచ్చు. ముక్కూ మొహం తెలియని హెడ్డాఫీసు ఈమెయిలు కన్నా, "వరదప్పుడు మాట్లాడుకున్నాం సార్, గుర్తున్నానా" అనే ఫోను ముందుకెళ్తుంది.

ఏదైనా అడగాలా? ... ఆ చివర అమ్మగారు అడుగుతున్నారు: "'మేం ఇచ్చిన సరుకు మీరు బయట అమ్ముకుంటారేమో' అని మేనేజరు మొహం మీదే అన్నాడండి, ఏం చెప్పాలి?"

కోపం తెచ్చుకోకండమ్మా. ఆయన అలాంటిది చూసుంటాడు. ఇచ్చిన ప్యాకెట్‌ని మళ్ళీ ఆ కొట్టు వాపసు కౌంటరుకే తెచ్చి డబ్బులడగడం కూడా జరుగుతుంది. అందుకే తీసుకునేటప్పుడే, వాళ్ళ ఎదురుగానే, ప్రతి ప్యాకెట్ బార్‌కోడ్ మీద నల్ల మార్కరుతో గీత కొట్టేయండి. తేదీ, బ్యాచ్ నంబరు చెరగకుండా చూసుకోండి, అవి మనకి కావాలి. "నాట్ ఫర్ సేల్" స్టాంపు ఒకటి చేయించుకోండి. ఇక ఎవరికి ఎంత పంచారో రాసిన రిజిస్టరు పేజీ ఫోటో తీసి నెలకోసారి ఆయనకి వాట్సాప్‌లో పెట్టండి. పిల్లల ఫోటోలు మాత్రం పెట్టకండి, వాళ్ళడిగినా పెట్టకండి. సంరక్షణ గృహాల్లో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టంలో ఉంది. కడిగి ఆరబెట్టిన క్రేట్ల ఫోటో పెట్టండి, చాలు.

సరుకు అందినట్టు ఇచ్చే నోటు నమూనా, ఉత్తరం నమూనా ఆ వెనక బల్ల మీద పెట్టాం. తలా ఒకటి తీసుకెళ్ళండి.